కోతలయ్యాక ఇంటికొచ్చే ఎలుకలు

చిన్నారులూ,

"తాతయ్యా, చేలో ఉండే ఎలుకలు కోతలయ్యాక మా ఇంట్లోకి ఎందుకొస్తున్నాయి?" అని మీలో ఒకరు అడిగారు. సార్వా, అంటే వానాకాలపు వరి, కోసి ధాన్యం ఎత్తేశాక చేలో తిండి తగ్గిపోతుంది, దాక్కునే చోటూ పోతుంది. మనమేమో ఆ ధాన్యాన్నే బస్తాలకెత్తి తెచ్చి వసారాలో పెట్టుకుంటాం. దాళ్వా, అంటే రెండో పంట, అయ్యాకా అంతే. గోదారికి వరదొచ్చి గట్లలో కలుగులు మునిగినప్పుడు కూడా మెరకనున్న ఇళ్లకే చేరతాయి.

చేను గట్టుకు ఎండ్రకాయ బొరియ పడితే నాన్న ఏం చేస్తారు? బొరియ వెతికి బంకమట్టి కూరతారు. అది మానేసి నీళ్లు తోడుతూ కూర్చుంటే తెల్లారేదాకా తోడాల్సిందే. ఇల్లూ ఒక గట్టే. బోనులో ఎలుకను పట్టడం నీళ్లు తోడటం, కన్నం మూయడం గండి పూడ్చడం. నీరు పల్లమెరుగు అంటారు. ఎలుకకు తిండి దొరికే చోటే పల్లం. కాబట్టి మూతలేని బియ్యం డబ్బా, రాత్రి కడగని గిన్నెలు, కుక్కకు పెట్టి వదిలేసిన అన్నం ఉన్నంతకాలం ఎన్ని గండ్లు పూడ్చినా కొత్తది పడుతూనే ఉంటుంది.

పెన్సిలు పట్టే సందు, అంటే 6 మిల్లీమీటర్లుంటే చిట్టెలుక దూరేస్తుంది. పెద్ద ఎలుకకు బొటనవేలు పట్టేంత కన్నం చాలు. వంటింటి తూము, కరెంటు తీగ గోడలోకి వెళ్లే చోటు, తలుపు కింద, పెంకుకూ గోడకూ మధ్య వెతకండి. గుడ్డలు, థర్మాకోల్ కుక్కితే రాత్రికి రాత్రే కొరికేస్తుంది. దాని ముందు పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి మరి. గిన్నెలు తోమే స్టీలు పీచు గట్టిగా కూరి, పైన సిమెంటు పూయాలి. తుప్పుపట్టే ఇనుప పీచు కొన్నాళ్లకు రాలిపోతుంది. తలుపు అడుగున రేకు పట్టీ, తూముకు సన్నకన్నాల ఇనుప జాలీ వేయించాలి.

వచ్చిందెవరో రెట్టలే చెబుతాయి. చిట్టెలుకవి బియ్యపు గింజంత, పెద్ద ఎలుకవి అరంగుళం దాకా. కొత్తవి మెత్తగా నిగనిగలాడతాయి, పాతవి ఎండి పొడి అవుతాయి. రోజూ తిరిగే దారిలో ఒంటి జిడ్డుతో గోడకు నల్లని చార పడుతుంది. పునాది పక్కన తాజా మట్టికుప్ప ఉంటే పందికొక్కు. ముక్కు పొడుగ్గా ఉండి ఘాటు వాసన కొట్టేది చుంచు. అది బొద్దింకల్ని, పురుగుల్ని తింటుంది, దాన్ని పోనివ్వండి. పూర్వం పాలూ పెరుగూ ఉట్టి మీద పెట్టేవారు. పిల్లికది అందేది కాదు గానీ, దూలాల మీద తిరిగే ఎలుక తాడు పట్టుకుని దిగేసేది. ఇంటి కప్పును తాకే కొబ్బరి మట్టలు, మామిడి కొమ్మలు నరికించాలనడం అందుకే.

కిరాణా కొట్టున్నవాళ్లు నాన్నకు చెప్పండి: బస్తాలు నేలమీద కాకుండా చెక్కలమీద, గోడకు మూరెడు ఎడంగా పేర్చాలి. ఆ సందులోకి చీపురు వెళ్లాలి, టార్చి వెలుగు పడాలి. గోడకానించి పేర్చిన బస్తాల వెనకే అవి పిల్లల్ని పెడతాయి. చూలు మూడు వారాలే, ఈతకు అయిదారు పిల్లలు.

బోను గదిమధ్య పెడితే పడదు. ఎలుక గోడవారనే నడుస్తుంది, బోనూ అక్కడే ఉండాలి. పెద్ద ఎలుకకు కొత్త వస్తువంటే భయం. రెండు మూడు రాత్రులు బోను తలుపు మూసుకోకుండా కట్టి తెరిచే ఉంచి, ఎండుచేప ముక్కో కాల్చిన కొబ్బరో పెట్టి తిననివ్వాలి. తర్వాతే బిగించాలి. పడిన ఎలుకను పుల్లలతో పొడవకండి, అదీ ప్రాణమే. ఇంట్లో మందు మాత్రం పెట్టొద్దు. అది తిన్న ఎలుక అటకమీద చచ్చి కంపుకొడుతుంది, దాన్ని తిన్న పిల్లీ గుడ్లగూబా చచ్చిపోవచ్చు.

రెట్టల్ని మీరు ముట్టుకోవద్దు. పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. కిటికీలు తెరిచి, చేతితొడుగులు వేసుకుని, ఒక వంతు బ్లీచింగు ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పెద్దవాళ్లు చల్లాలి, అయిదు నిమిషాలు నాననిచ్చి గుడ్డతో తీయాలి. వరదనీళ్లలో కాలిపుండుతో తిరగొద్దు. ఎలుక మూత్రం కలిసిన నీటివల్ల ఎలుక జ్వరం వస్తుంది.

ఈ రాత్రి పడుకోబోయే ముందు గోడవార ముగ్గుపిండి పలచగా చల్లండి. రాతిముగ్గే, బియ్యప్పిండి అయితే తినేస్తుంది. పొద్దున్నే వంగి చూడండి: ముందు పాదానికి నాలుగు వేళ్లు, వెనక పాదానికి అయిదు, ఒక్కోసారి నడుమ తోక ఈడ్చిన గీత. ఆ అడుగులు ఎక్కడ గోడలో కలిసిపోయాయో అక్కడ సుద్దతో గుర్తు పెట్టి అమ్మకు చూపించండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య