నేల మీద నీళ్ళు పోస్తే పాచిక వెయ్యాలా? డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో యాభై ఏళ్ళ తగాదా

బెంగళూరు మారతహళ్ళిలో ఒక ఫ్లాట్ హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు మేం ఐదుగురం తెలుగువాళ్ళం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతుంటాం. ఒక్కొక్కరం ఒక్కో కల్పిత పాత్రగా మాటలతో కథ నడుపుతూ, ఫలితం తేలని చోట పాచిక వేసి తేల్చుకునే ఆట ఇది. కొన్ని వారాల కిందట, కథలో మా పాత్రలు ఒక పాత సమాధి నడవాలోకి దిగినప్పుడు, దొంగ పాత్ర ఆడే కడప కుర్రాడు, "అన్నా, నా తోలుతిత్తిలో నీళ్ళు నేల మీద పోస్తా, ఏ బండ సందులోకి దిగుతున్నాయో చూస్తా" అన్నాడు. ఆట నడిపే డంజన్ మాస్టర్, మా మాటల్లో డీఎం, "సరే, పర్సెప్షన్ రోల్ చెయ్" అన్నాడు, అంటే పాత్ర కంట పడిందో లేదో పాచిక వేసి తేల్చమని. "నీళ్ళు పోశాక రోల్ ఎందుకన్నా? కింద గొయ్యి ఉంటే దిగుతాయి, లేకపోతే లేదు." "రూల్ అదే తమ్ముడూ." అరగంట సేపు ఆట ఆగిపోయింది. చివరికి వాదన "ఇలాగైతే ఇది డీ అండ్ డీయే కాదు" అనేదాకా వెళ్ళింది. ఈ మాట కొత్తది కాదు. కొత్త ఎడిషన్ వచ్చినప్పుడల్లా ఎక్కడో ఒక టేబుల్ దగ్గర ఎవరో ఒకరు అంటూ వచ్చిన మాటే ఇది.

ఆట మొదట్లోనే ఈ వాదనకు బీజం ఉంది. 1969లో అమెరికాలోని మిన్నెసోటాలో డేవిడ్ వెస్లీ అనే ఆయన, బొమ్మ సైనికులతో ఆడే యుద్ధక్రీడలో ఒక మార్పు చేసి, ఒక్కో ఆటగాడికి సైన్యానికి బదులు ఊళ్ళో ఒక మనిషి పాత్రను అప్పగించాడు. అదే బృందంలోని డేవ్ ఆర్నెసన్ ఆ పద్ధతిని బ్లాక్‌మూర్ అనే కల్పిత రాజ్యంలోకి, అక్కడి కోట కింది నేలమాళిగల్లోకి తీసుకువెళ్ళాడు. విస్కాన్సిన్‌లో గ్యారీ గైగాక్స్ అప్పటికే, 1971లో, మధ్యయుగ యుద్ధాలకు చెయిన్‌మెయిల్ అనే నియమావళిని జెఫ్ పెరెన్‌తో కలిసి తెచ్చి, దాని చివర మాంత్రికులకూ డ్రాగన్లకూ ఒక అనుబంధం చేర్చి ఉన్నాడు. ఈ రెండు దారులూ కలిసి 1974లో టీఎస్ఆర్ అనే చిన్న సంస్థ ద్వారా, ఒక పెట్టెలో మూడు పలుచని పుస్తకాలుగా బయటికి వచ్చాయి. తొలి ముద్రణ 1,000 ప్రతులు.

ఆ మూడు పుస్తకాలు యుద్ధక్రీడలు బాగా తెలిసినవాళ్ళ కోసం రాసినవి. పోరాటానికి చెయిన్‌మెయిల్ దగ్గర ఉండాలని, ఊరు దాటి తిరగడానికి మరో కంపెనీ బోర్డు తెచ్చుకోవాలని అవే చెబుతాయి. చెప్పకుండా వదిలేసిన చోట్లు చెప్పిన వాటికంటే ఎక్కువేమో అనిపిస్తుంది. ఆ ఖాళీలను ఏ టేబుల్‌కు ఆ టేబుల్ తన బుద్ధికి తోచినట్టు నింపుకుంది. మన ఇళ్ళలో రమ్మీకి కూర్చునే ముందు జోకర్ సంగతీ, డ్రాప్‌కు ఎన్ని పాయింట్లన్న సంగతీ మాట్లాడుకున్నట్టే అనుకోండి. తేడా ఏమిటంటే, ఇక్కడ ఆ మాటలు ఆట మొదలయ్యే ముందు ముగియవు, ఆటలో సగం ఆ మాటలే.

అప్పటి నుంచి ఇప్పటి దాకా నిలిచినవి లేకపోలేదు. బలం, చురుకు, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ అనే ఆరు గుణాలు, పాత్రకు ఒక క్లాస్ (యోధుడు, మాంత్రికుడు లాంటి వృత్తి), ఒక లెవెల్ (అనుభవంతో ఎక్కే మెట్టు), హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె), ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలకుండా కాచే రక్షణ అంకె), 20 ముఖాల పాచిక. అయితే పేర్లు అవే అయినా లోపలి సరుకు మారుతూ వచ్చింది. పాత్రల నైతిక స్వభావాలు 1974లో మూడు, 1978 నాటి అడ్వాన్స్‌డ్ ఆటలో తొమ్మిది, 2008లో ఐదు, 2014లో మళ్ళీ తొమ్మిది. దొంగ అనే క్లాస్ తొలి పెట్టెలో లేనే లేదు, 1975 అనుబంధంలో వచ్చింది.

మార్పులన్నీ ఒక తరహావి కావు. ఆర్మర్ క్లాస్ పాత ఎడిషన్లలో ఎంత తక్కువైతే అంత మేలు. 1989 నాటి రెండో ఎడిషన్లో నీ థాకో (ఆర్మర్ క్లాస్ 0 ఉన్న శత్రువుకు దెబ్బ తగలాలంటే పాచిక మీద పడాల్సిన అంకె) 17, శత్రువు ఆర్మర్ క్లాస్ 4 అయితే, 17లోంచి 4 తీసేసి, పాచిక మీద 13 గానీ అంతకు పైన గానీ పడాలి. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ దీన్ని తిరగేసింది. అదే శత్రువుకు ఆర్మర్ క్లాస్ 16, నీకు 3 బోనస్, కాబట్టి పాచిక మీద మళ్ళీ 13. అవకాశంలో వెంట్రుకవాసి తేడా లేదు. తీసివేత పోయి కూడిక వచ్చింది, అంతే. దీని మీద ఎంత రభస జరిగినా, నా లెక్కలో ఇది ఆట స్వభావాన్ని ముట్టుకోని మార్పు.

ముట్టుకున్న మార్పు ఎలా ఉంటుందో చూడాలంటే మా టేబుల్ మీది నీళ్ళ దగ్గరికే రావాలి. 1974 పుస్తకం రహస్య ద్వారాలకు ఆరు ముఖాల పాచిక చెప్పింది: మనుషులకు 1 లేదా 2 పడాలి, ఎల్ఫ్‌లు అనే కల్పిత జాతివాళ్ళకు 4 దాకా చెల్లుతుంది. ఉచ్చులను వెతికి పట్టుకునే పనిని మాత్రం చాలావరకు ఆటగాడి మాటకూ నడిపేవాడి తీర్పుకూ వదిలేసింది. పొడుగాటి కర్రతో నేల పొడుస్తూ నడవడం, నీళ్ళు పోయడం ఆ కాలపు అలవాట్లే. 1978 పుస్తకం మొదటి లెవెల్ దొంగకు ఉచ్చు కనిపెట్టే అవకాశం 20 శాతమని అచ్చేసింది. ఆ అంకె పడగానే ఒక చిక్కు ప్రశ్న పుట్టింది: కర్రతో పొడిచే యోధుడికి అసలు అవకాశం ఉన్నట్టా, లేనట్టా? 2000 ఎడిషన్ దానికి సూటిగా జవాబిచ్చింది. వెతకడం ఒక నైపుణ్యం, కష్టం (పాచికతో అందుకోవాల్సిన అంకె) 20 దాటిన ఉచ్చులను రోగ్ క్లాస్ (దొంగకు అప్పటి పేరు) వాళ్ళు తప్ప ఇతరులు ఆ నైపుణ్యంతో కనిపెట్టలేరు. 2008లో నాలుగో ఎడిషన్ ఇంకో అడుగు వేసి, పాత్ర సహజ గమనశక్తిని 10కి కలిపి ముందే ఒక అంకెగా రాసి పెట్టుకోమంది. ఉచ్చు కష్టం ఆ అంకెను మించకపోతే, ఆటగాడు నోరు తెరవకుండానే అది కనబడుతుంది.

ప్రతి ఎడిషన్ కదిపింది ఈ గీతనే: ఎంతవరకు పుస్తకం చెబుతుంది, ఎక్కడి నుంచి టేబుల్ తేల్చుకుంటుంది అన్న గీత. ఆటను ఆటగా నిర్వచించేది ఆ గీతకు ఇవతల ఎప్పుడూ కొంత చోటు మిగలడమే అని నేననుకుంటాను. లెవెల్ పెరగడానికి కూడబెట్టే అనుభవ పాయింట్ల కథ కూడా అదే చెబుతుంది. తొలి ఎడిషన్లలో బయటికి మోసుకొచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో పాయింటు, రాక్షసులను చంపితే వచ్చేది స్వల్పం. కాబట్టి పోరాటం తప్పించుకోవడమే తెలివి, దాని కోసం పన్నే ఎత్తులన్నీ పుస్తకంలో లేనివే. రెండో ఎడిషన్ ఆ నియమాన్ని ఐచ్ఛికం చేసింది, మూడోది ఎదుర్కొని గెలిచిన సవాళ్ళకే ప్రధానంగా పాయింట్లు ఇచ్చింది. పోరాటం చుట్టూ నియమాలు దట్టంగా పేరుకున్నది ఆ తర్వాతే.

నాలుగో ఎడిషన్ మీద వచ్చిన తిరుగుబాటును ఈ వెలుగులో చూడాలి. అందులో ఆరు గుణాలున్నాయి, క్లాసులున్నాయి, పెట్టె మీద అదే పేరుంది. యోధుడి నుంచి మాంత్రికుడి దాకా అందరికీ ఎప్పుడైనా వాడేవి, పోరాటానికి ఒకసారి వాడేవి, రోజుకు ఒకసారి వాడేవి అంటూ శక్తులు పంచింది, గళ్ళ బోర్డు మీద కదలికలను కచ్చితం చేసింది. పోరాట క్రీడగా అది చాలా నిక్కచ్చిగా చేసిన పని, అన్యాయంగా తిట్లు తిన్నదని నా అభిప్రాయం. అయినా చాలామంది దాన్ని తమ ఆటగా ఒప్పుకోలేదు. వాళ్ళు వెళ్ళింది పైజో సంస్థ 2009లో, పాత 3.5 నియమాల (మూడో ఎడిషన్‌కు సవరించిన రూపం) మీద కట్టిన పాత్‌ఫైండర్ అనే ఆటకు. పేరున్న ఆట పరాయిదైంది, పేరు లేనిది సొంతమైంది.

పైజోకు ఆ వీలు కల్పించింది 2000లో ఇచ్చిన ఓపెన్ గేమ్ లైసెన్స్. అంతకు మూడేళ్ళ ముందు టీఎస్ఆర్‌ను కొన్న విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్, మూడో ఎడిషన్ నియమాల మూలాన్ని ఎవరైనా వాడుకుని అచ్చు వేసుకోవచ్చని ఆ పత్రంలో అనుమతించింది. 2006లో ఓస్రిక్ అనే పుస్తకం అదే లైసెన్సుతో 1978 కాలపు ఆటను తిరిగి కట్టింది. 2023 జనవరిలో కంపెనీ ఆ లైసెన్సును బిగించబోతోందన్న ముసాయిదా బయటపడ్డప్పుడు రేగిన ఆగ్రహం ఎంతటిదంటే, నెల తిరక్కుండానే వెనక్కి తగ్గి ఐదో ఎడిషన్ మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ అనే, ఎవరైనా వాడుకోగల ఉచిత లైసెన్సు కింద విడుదల చేయాల్సి వచ్చింది. అలా విడుదల చేసినవాటిని ఇక వెనక్కి తీసుకోలేరు.

ఆ ఐదో ఎడిషన్ 2014లో వచ్చింది. మా వాదనకు తగిన ఉదాహరణ ఒకటి అందులో ఉంది: బీరువా పై సొరుగులో, మడతపెట్టిన బట్టల కింద తాళంచెవి ఉంటే, గదంతా పచార్లు చేస్తూ గోడలు చూస్తున్నానని చెప్పిన ఆటగాడికి పాచిక మీద ఎంత పడినా అది దొరకదు. సొరుగు తెరుస్తున్నానని నోటితో చెప్పాలి. 2024లో సవరించిన పుస్తకంలో వెతకడం ఒక పేరున్న చర్యగా, దానికి వివేకం మీద వేసే పాచికగా స్థిరపడింది. మా డీఎం ఆ పుస్తకం చేతిలో పట్టుకున్నాడు, కడప కుర్రాడి ఫోన్లో 2014 పేజీ ఉంది.

తేలింది మాత్రం రెండు పుస్తకాలూ మూశాకే. నీళ్ళు మూడో బండ అంచున సన్నగా తిరిగి మాయమయ్యాయని డీఎం చెప్పాడు, పాచిక లేకుండా. బండ కింది మీట ఎక్కడుందో వెతికి దాన్ని బిగించడానికి మాత్రం రోల్ చెయ్యమన్నాడు. కుర్రాడు మారుమాట లేకుండా వేశాడు. 4 పడింది.