ఏమీ రానివారికి కామెడీయే సులువా? టాలెంట్ షో అపోహలు, వాస్తవాలు

ఉగాది వేడుకలు, పాఠశాలల వార్షికోత్సవాలు దగ్గరపడ్డాయంటే నాకు వచ్చే ఫోన్లలో చాలా భాగం ఒకే మాటతో మొదలవుతాయి: "సార్, మాకు పాట రాదు, డాన్సు రాదు, ఏదో ఒక కామెడీ స్కిట్ వేసేస్తాం, మీరు కాస్త చూసిపెట్టండి." బడుల్లో, కాలనీ సంఘాల్లో, ఆఫీసుల్లో ఇలాంటి కార్యక్రమాలు తయారు చేయించడమే నా వృత్తి కాబట్టి, ప్రతి ఫోనుకూ విడివిడిగా చెప్పే సమాధానాన్ని ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: ఏమీ రానివారికి హాస్యమే అన్నిటికన్నా సులువు.

వాస్తవం: వేదిక మీద అన్నిటికన్నా కష్టమైనది హాస్యమే. పాట కాస్త శ్రుతి తప్పినా, డాన్సులో ఒక అడుగు వెనకబడినా, సభ మర్యాద కోసమైనా చివర చప్పట్లు కొడుతుంది. కానీ మర్యాద కోసం నవ్వడం ఎవరి వల్లా కాదు. స్కిట్ వేసేవారికి ప్రతి అర నిమిషానికీ ఒక తీర్పు వస్తుంది, నవ్వు రావలసిన చోట రాకపోతే ఆ నిశ్శబ్దం వెనక వరుసలో కూర్చున్నవారికి కూడా తెలిసిపోతుంది, ఆ తరువాతి మాట పలకడానికి అలవాటున్న నటులకే గొంతు పెగలదు. పైగా షామియానా కింద స్పీకర్లు మారుమోగుతూ, పిల్లలు పరుగెత్తుతూ, సగంమంది పునుగుల స్టాలు దగ్గర నిలబడి ఉండే సభలో జోకుకు ప్రాణమైన చివరి మాటే వినిపించదు. వినిపించినా, అది పొద్దున వాట్సాప్‌లో అందరూ చదివినదే అయి ఉంటుంది.

నవ్వు రావడం లేదని గ్రహించిన మరుక్షణం అనుభవం లేనివారు చేసే పని మరీ ప్రమాదకరమైనది. ఎదుటివారి యాసనో, ఒడ్డూపొడుగునో, నడకనో పట్టుకుని అనుకరించడం మొదలుపెడతారు. శ్రీకాకుళం యాసనూ, సీమ యాసనూ, తెలంగాణ యాసనూ ఆ ప్రాంతం వారి ఎదుటే వెక్కిరించి, దాని ఫలితంగా ఏడాది పొడుగునా లిఫ్టులో ఎదురుపడినా పలకరించుకోని కుటుంబాలను నేను చూశాను. బుర్రకథ దళంలో హాస్యం చెప్పే వంతను చూసి, పక్కన నిలబడి నాలుగు మాటలు అనడమే కదా అనుకునేవారు చాలామంది ఉన్నారు. కథకుడు పాడుతున్న కథ చెదరకుండా ఏ క్షణంలో అడ్డుపడాలో, ఎప్పుడు తప్పుకోవాలో తెలియడం ఏళ్ల తరబడి చేస్తే తప్ప రాదు.

మరి ఏమీ రానివారు ఏం చేయాలి? నవ్వు మీద ఆధారపడని, ఫలితం దానంతట అదే వచ్చే అంశాన్ని ఎంచుకోవాలి. నేను అందరికన్నా ముందు సూచించేది అంకెల గారడీ. సభలో ఒకరిని పిలిచి బోర్డు మీద ఒక మూడంకెల సంఖ్య రాయమనాలి, అందులో మొదటి అంకెకూ చివరి అంకెకూ కనీసం 2 తేడా ఉండాలి. వారు 742 రాశారనుకుందాం. దాన్ని తిరగేస్తే 247. పెద్దదానిలోంచి చిన్నది తీసివేస్తే 495. దాన్నీ తిరగేస్తే 594. ఆ రెండూ కలిపితే 1089. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా చివరకు 1089 మాత్రమే వస్తుంది, ఎందుకంటే ఆ తీసివేతలో వచ్చేది ఎప్పుడూ 99కి గుణిజమే, దాని మధ్య అంకె 9, అటూఇటూ ఉన్న అంకెల మొత్తం కూడా 9.

అయితే కేవలం సంఖ్య చెప్పేస్తే అది లెక్కల క్లాసు అవుతుంది. ఒక లావుపాటి పుస్తకాన్ని సభలో వేరొకరి చేతికిచ్చి, వచ్చిన జవాబు ప్రకారం 108వ పేజీ తీసి, 9వ పంక్తిలోని మొదటి మాటను గట్టిగా చదవమనాలి. మొదటి నుంచీ అందరి కళ్ళ ఎదుట వేలాడుతున్న కవరును అప్పుడు విప్పితే, లోపలి అట్ట మీద అదే మాట పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. కూడికలో తప్పు దొర్లితే అంతా పాడవుతుంది కాబట్టి బోర్డు దగ్గర ఇద్దరిని నిలబెట్టడం మంచిది. మళ్ళీ చేయమని ఎంత బతిమాలినా అదే సభలో రెండోసారి చేయకూడదు. జవాబు ఎప్పుడూ ఒక్కటే కదా.

ఒక కాలనీ ఉగాది సభకు ఇలాగే ఒక పెద్దాయన చేత ఈ గారడీ చేయించాను. ఆయన జీవితమంతా ఆడిట్ పనిలో గడిపినవారు. కుర్రాళ్ళు పట్టుబట్టి ఆయనకు స్కిట్‌లో తాగుబోతు వేషం ఇచ్చారు. రిహార్సల్ మధ్యలో నన్ను పక్కకు పిలిచి, "బాబూ, నేను నవ్వితేనే మా ఇంట్లోవాళ్ళు వింతగా చూస్తారు, ఇంతమందిని నవ్వించడం నా వల్ల అవుతుందంటావా?" అని అడిగారు. ఆయన భయం న్యాయమైనదే. వేషం తీయించి సుద్దముక్క చేతికిచ్చాను. సభ నాడు ఆయన కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, లెక్క చేస్తున్న కుర్రవాడి వెనక నిలబడి, "పక్క నుంచి ఒకటి అప్పు తెచ్చావు సరే, అది కొట్టేశావా?" అని గదమాయించేసరికి సభంతా ఘొల్లుమంది. నవ్వించాలని ఆయన ఏమీ చేయలేదు, అలవాటైన పని అలవాటైన ముఖంతో చేశారు.

అపోహ: పాట, డాన్సు, స్కిట్ తప్ప వేరే ఏవీ సభకు ఆనవు.

వాస్తవం: శతక పద్యాలు మూడు చదివి, మకుటాన్ని మాత్రం సభ చేత చెప్పించండి, ఎంత ఆనుతుందో మీకే తెలుస్తుంది. నీళ్ళు పోసిన గాజు గ్లాసుల మీద చెంచాతో చిన్న వరుస వాయించవచ్చు. నీళ్ళు పెరిగే కొద్దీ స్వరం తగ్గుతుంది, కాబట్టి శ్రుతి కుదిరిన చోట ప్రతి గ్లాసుకూ స్టిక్కరు అంటించి, వేదిక ఎక్కాక అక్కడి దాకా నీళ్ళు పోయాలి. చేతులతో నీడ బొమ్మలు చూపాలంటే ట్యూబ్‌లైటు పనికిరాదు, దాని పొడవు వల్ల నీడ అంచులు అలుక్కుపోతాయి. ఫోన్ టార్చి చాలు.

అపోహ: మిమిక్రీ అంటే గొంతు మార్చడమే.

వాస్తవం: కాదు. 2001లో పద్మశ్రీ అందుకున్న వరంగల్లు వాసి నేరెళ్ళ వేణుమాధవ్ గారి ప్రదర్శనలో వినిపించేది గొంతు ఒక్కటే కాదు, ఆ మనిషి ఆగే చోటు, ఊపిరి, తడబాటు కూడా. వారం రోజుల్లో నేర్చుకుందామనుకునేవారు దాని జోలికి పోకపోవడమే మేలు.

అపోహ: చేతులు వణికేవారికి స్టేజీ పనికిరాదు.

వాస్తవం: వణుకు దాదాపు అందరికీ ఉంటుంది, కాకపోతే చేతిలో పల్చటి కాగితం ఉంటే అది నలుగురికీ కనబడుతుంది. చదవవలసింది గట్టి అట్టకు అంటించుకోండి, మైకు చేత్తో పట్టుకోకుండా స్టాండుకే ఉంచమని అడగండి, మొదటి రెండు వాక్యాలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేలా కంఠస్థం చేయండి. "ఒకసారి వణికితే జన్మంతా అంతే" అని పిల్లలకు చెప్పే పెద్దలను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అపోహ: సులువైన అంశానికి రిహార్సల్ అక్కర్లేదు, ఎక్కువసేపు చేస్తేనే చేసినట్టు.

వాస్తవం: రెండూ తప్పే. అంశం ఎంత సులువైనా, వేదిక మీదికి రావడం, నిలబడే చోటు, చివర నమస్కారం పెట్టి దిగిపోవడం కూడా సాధన చేయాలి. మూడు నాలుగు నిమిషాలకు మించనివ్వకూడదు. చిన్నపిల్లల గ్రూప్ డాన్సు వెంటనే మీ పేరు వేయవద్దని నిర్వాహకులకు ముందే చెప్పుకోండి, ఎందుకంటే ఆ డాన్సు అయిపోగానే తల్లిదండ్రులందరూ తమ పిల్లలను తీసుకురావడానికి ఒక్కసారిగా లేచి వేదిక వెనక్కి వెళ్ళిపోతారు.