పొలంలో వేసిన ఎరువు ఎటు పోతుంది? అపోహలు - వాస్తవాలు

భూసార పరీక్షా కేంద్రంలో పనిచేస్తున్నాను. మట్టి సంచులతో వచ్చే రైతుల నోట తరచూ వినే మాటలు కొన్ని ఉన్నాయి. అవి పొలానికీ, పొలం దాటిన నీళ్లకూ చేస్తున్న నష్టం చూసి ఇది రాస్తున్నాను.

అపోహ: యూరియా ఎంత చల్లితే పైరు అంత తీసుకుంటుంది.

వాస్తవం: 45 కిలోల బస్తాలో దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది. నీళ్లు నిలిచిన వరి మడిలో చల్లితే చాలాసార్లు అందులో సగం కూడా పైరుకు దక్కదు. యూరియా కరిగి అమ్మోనియాగా మారుతుంది. ఎండ ముదిరేకొద్దీ నీటిలోని నాచు బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్‌ను) పీల్చుకుంటుంది, మడి నీటికి క్షారగుణం పెరుగుతుంది, అమ్మోనియా గాలిలో కలిసిపోతుంది. మిర్చి, మొక్కజొన్న వంటి మెట్ట పైర్లలోనైతే నైట్రేటుగా మారి, తడితో పాటు కిందికి దిగి బోరు నీటిలో చేరుతుంది. కొంత నైట్రస్ ఆక్సైడ్ అవుతుంది. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 270 రెట్లు బలమైనది. అందుకే మడిలో నీరు తీసేసి, బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలుచగా నీరు పెట్టమంటాం. ఖర్చు లేని ఈ ఒక్క పనిని వదిలేసి ఇంకో బస్తా కొనడం చూస్తే బాధేస్తుంది.

అపోహ: డీఏపీ ప్రతి పంటకూ పడాల్సిందే.

వాస్తవం: డీఏపీలో ఎక్కువగా ఉండేది భాస్వరం. అది గాలిలోకి పోదు. నల్లరేగడిలో సున్నంతో, ఎర్ర నేలలో ఇనుముతో ముడిపడి అక్కడే పేరుకుంటుంది. పరీక్షలో భాస్వరం ‘ఎక్కువ’ అని వచ్చిన పొలంలోనూ మళ్లీ అంతే వేస్తే జింకు అందక వరి ముదురాకుల మీద, మధ్య ఈనెకు ఇరుపక్కలా తుప్పు మచ్చలు పడతాయి. అది తెగులనుకుని మందు కొడుతున్నవారు ఉన్నారు.

అపోహ: గడ్డి తగలబెడితే బూడిద ఎరువవుతుంది.

వాస్తవం: పొటాష్ చాలావరకు మిగులుతుంది, నిజమే. నత్రజని దాదాపు అంతా పొగైపోతుంది. మిగిలిన బూడిదను కూడా తొలకరి వాన కాలువలోకి కడిగేస్తుంది.

అపోహ: చెరువులో గుర్రపుడెక్క అల్లుకోవడానికి శుభ్రం చేయకపోవడమే కారణం.

వాస్తవం: దానికి తిండి పెడుతున్నది మనమే. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న కొల్లేరులోకి పొలాల మురుగు, చేపల చెరువుల నీరు, పట్టణాల మురుగు అన్నీ చేరతాయి. పోషకాలు మితిమీరితే నాచు విపరీతంగా పెరుగుతుంది, అది రాత్రిపూట ఊపిరి పీల్చేటప్పుడూ, చచ్చి కుళ్లేటప్పుడూ నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోతుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిచేది అందుకే. డెక్కను తీసి గట్టు మీద వదిలేస్తే, కుళ్లి తిరిగి చెరువులోకే జారుతుంది. కంపోస్టు చేసి పొలానికి చేర్చాలి.

పూర్వం వేసవిలో బండ్లతో చెరువు మట్టి తోలుకునేవారు. పొలం నుంచి కొట్టుకుపోయిన సారం అలా పొలానికే తిరిగి వచ్చేది. ఇప్పుడూ తోలుకోవచ్చు. కాకపోతే తోలేముందు నాలుగైదు చోట్ల నుంచి గుప్పెడేసి మట్టి తెచ్చి పరీక్ష చేయించండి. అందులో చౌడు ఉంటే ముందే తెలిసిపోతుంది.