మూడడుగుల పాత ట్యాంకు, నల్లగొండ ఎండ, ఒక బల్లి

చేపలు పోయాక ఖాళీగా మిగిలిన ట్యాంకునో, ఎవరో అగ్గువకు అమ్మిన గాజు పెట్టెనో చూపించి “అన్నా, దీంట్లో ఏ బల్లిని పెంచొచ్చు?” అని అడిగే పిల్లలు మా నల్లగొండలో నాకు తరచూ తగులుతుంటారు. వాళ్ల చూపంతా పెట్టె కొలత మీదే ఉంటుంది. కొలత ముఖ్యమే, కాదనను. కానీ దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మే నెల మధ్యాహ్నం మూడింటికి, అదీ కరెంటు పోయినప్పుడు, ఆ పెట్టెలో ఒక్క మూలైనా చల్లగా ఉంటుందా? ఉండదంటే ఏ బల్లినీ తేవద్దు.

ఎందుకో తెలియాలంటే పొలం దగ్గర రాతి కడీ మీద కూర్చున్న తొండను ఒక పూట గమనించండి. పొద్దున్నే అది నల్లబడి ఉంటుంది, పక్కటెముకలు విప్పి ఒళ్లు వెడల్పు చేసి సూర్యుడికి అడ్డంగా తిరుగుతుంది. ఎండ ముదిరేకొద్దీ రంగు తేలిపోతుంది, ముఖం ఎండ వైపు పెట్టి ఒంటికి ఎండ తక్కువ తగిలేలా సర్దుకుంటుంది. ఇంకా వేడెక్కితే కాళ్ల మీద లేచి పొట్టను రాయికి తగలనివ్వదు, నోరు తెరుస్తుంది, చివరికి దిగి కంప నీడలోకి పోతుంది. మన ఒళ్లు తిన్న తిండిలోంచి వేడి పుట్టించుకుంటుంది, బల్లి జాతికి మాత్రం ఆ వేడి బయటి నుంచే రావాలి. చాలినంత వేడి అందకపోతే తిన్న పురుగు అరగక పొట్టలోనే కుళ్లుతుంది. ఎక్కువైతే చెమట పట్టే ఏర్పాటు లేదు, చాలా జాతుల ఒళ్లు 40 డిగ్రీలు దాటాక ఎంతోసేపు తట్టుకోలేదు. అందుకే రోజంతా ఎండకూ నీడకూ మధ్య తిరుగుతూనే ఉంటుంది. పెట్టెలోనూ అలా తిరిగే వీలుండాలి, ఒక పక్క వేడి, ఇంకో పక్క చల్లన.

“ఎడారి బల్లి కదన్నా, మన ఎండ దానికో లెక్కా?” అని వాదిస్తారు. ఎడారి బల్లులు ఎండలో బతికేది వేడిని తట్టుకుని కాదు, తప్పించుకుని. పగలు రాళ్ల సందుల్లో, బొరియల్లో దాక్కుంటాయి, అక్కడ పైనున్నంత వేడి ఉండదు. గాజు ట్యాంకులో దిగడానికి లోతెక్కడిది? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మా జిల్లాలో 44, 45 డిగ్రీలు కొత్తేమీ కాదు. పై అంతస్తు గదిలో స్లాబు రాత్రి పది దాటినా వేడి కక్కుతూనే ఉంటుంది. కిటికీ ఎండ నేరుగా పడిందంటే గాజు ఆ వేడిని లోపలే పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు కొలతకు వద్దాం. రెండడుగుల ట్యాంకు ఏ బల్లికీ జీవితకాలం సరిపోదని నా అభిప్రాయం, తిండి పురుగులు పెంచుకోవడానికి పెట్టుకోండి. ఇగ్వానా అనే పెద్ద బల్లి పిల్లప్పుడు అరచేతిలో పడుతుంది, పెద్దయ్యాక తోకతో కలిపి అయిదారడుగులు, దానికి గది కావాలి. పైగా అది వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ జాబితాలో ఉన్న జంతువు, 2024లో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఆస్ట్రేలియా బియర్డెడ్ డ్రాగన్ ఒకటిన్నర నుంచి రెండడుగులు పెరుగుతుంది, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు లేకుండా దాన్ని తేవద్దు. దానికి యూవీబీ దీపం, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలిచ్చే దీపం కూడా తప్పనిసరి. చర్మంలో డి3 విటమిన్ తయారవ్వాలంటే ఆ కిరణాలు కావాలి, మామూలు గాజు వాటిని ఆపేస్తుంది కాబట్టి కిటికీ పక్కన పెట్టినంత మాత్రాన పని జరగదు. డి3 లేక కాల్షియం అందకపోతే దవడ మెత్తబడిపోతుంది, కాళ్లు వంకర పోతాయి. క్రెస్టెడ్ గెకో అనే చిన్న బల్లి పసిఫిక్‌లోని న్యూ కాలిడోనియా దీవులది, అంతరించిందనుకుంటే 1994లో మళ్లీ దొరికింది. చాలా అందమైన జీవి. కానీ 28 డిగ్రీలు దాటితే దానికి కష్టం మొదలవుతుంది, కాబట్టి ఎండాకాలమంతా ఏసీ ఆపకుండా నడపగలిగిన ఇంట్లో తప్ప మన దగ్గర వద్దు.

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పున్న ట్యాంకుకు నా ఓటు లెపర్డ్ గెకో అనే మచ్చల బల్లికే, అదీ ఒక్కదానికే. రెండు మగవాటిని కలిపి పెడితే కొట్టుకుంటాయి. జానెడుకు కాస్త మించి ఉంటుంది, గోడలెక్కదు, కనురెప్పలుంటాయి, సాయంత్రం చీకటి పడ్డాక బయటికొస్తుంది. వేడి పక్క నేల 31 నుంచి 33, చల్లని పక్క 24 నుంచి 26 డిగ్రీలుంటే హాయిగా ఉంటుంది. చలికాలం పెట్టె కింద వేడినిచ్చే హీట్ మ్యాట్ వాడితే, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా పెట్టొద్దు. దీని అడవి బంధువులు మన వాయవ్య రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, ఇంకో దగ్గరి జాతి తూర్పు కనుమల్లో ఉంది. అడవిలో పట్టినదాన్ని అంటగట్టొచ్చు, అందుకే పెంపకంలో పుట్టిందని చూపే కాగితం లేకుండా కొనొద్దు, కొనేముందు అటవీ శాఖ ఆఫీసులో అడగండి.

అమ్రాబాద్ అడవి పక్క ఊళ్ల నుంచి ఉడుము పిల్లనో ఊసరవెల్లినో తెచ్చిస్తామనేవాళ్లుంటే అక్కడికక్కడే వద్దని చెప్పండి. రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడే జీవులే. ఉడుము మొదటి షెడ్యూలులో ఉంది, పట్టుబడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. చట్టం సంగతి అలా ఉంచినా, దేవరకొండ గుట్టల మీద తిరిగే జీవిని తెచ్చి గాజులో పెట్టడం నా మనసుకు ఒప్పదు.

పాత పెట్టె కొనేటప్పుడు ధర కంటే ముందు అడగాల్సింది, ఇంతకుముందు దీంట్లో ఏముండేది, అదెలా పోయింది అని. గెకో తోకలో కొవ్వు దాచుకుంటుంది. తోక సన్నబడి, ఎండిపోయి చచ్చిందని చెబితే ఆ పెట్టె ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి అలా చేస్తుంది, అది బ్లీచింగ్ నీళ్లకు చావదు. చేపల ట్యాంకైతే ఆ భయం తక్కువ. బోరు నీళ్లు పట్టించిన తెల్ల గీతను వెనిగర్‌తో రుద్దితే పోతుంది, అది సున్నం కాబట్టి. వెనిగర్ పూర్తిగా కడిగేశాకే, ఒక పాలు బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి పది నిమిషాలు నానబెట్టండి. వెనిగర్, బ్లీచ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, పిల్లలతో ఈ పని చేయించొద్దు. తర్వాత బాగా కడిగి వాసన పోయేదాకా ఆరనివ్వాలి. పాత చెక్క ముక్కలు, ఇసుక పారేయండి. గాజు మూత తీసేసి జాలి మూత చేయించండి, గాలి ఆడకపోతే ఏ జాగ్రత్తా పనికిరాదు.

తిండి సంగతి సులువే, చిమ్మెటలు (కీచురాళ్లు), మీల్‌వార్మ్‌లనే పిండి పురుగులు, వాటి మీద కాల్షియం, డి3 పొడి. పత్తి చేన్లలో, వరి మడుల్లో పట్టిన పురుగులు పెట్టొద్దు, వాటి మీద మందు కొట్టి ఉంటారు. బల్లిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు, అయిదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త.

ఇక జంతువు రాకముందే, ఎండాకాలంలో ఖాళీ పెట్టెను సర్ది ఒక వారం నడిపి చూడండి. కింది అంతస్తులో, పడమటి గోడకు దూరంగా పెట్టి, రెండు చివర్లా థర్మామీటర్లు ఉంచండి. దీపాలూ మ్యాటూ కట్టేయండి, మన గదే చాలినంత వేడి. చల్లని మూలన ఒక మట్టి ముంతను బల్లి దూరేంత సందు ఉంచి బోర్లించి, లోపల తడి గుడ్డ వేయండి. మన పొడి ఎండలో ఆ తడి ఆరుతూ ముంత లోపలి వేడిని లాక్కుంటుంది, కుబుసం విడవడానికీ ఆ తేమ పనికొస్తుంది. కరెంటు పోయిన రోజు, ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి జాలి మూత మీద ఒక పక్కన పెడితే చల్లగాలి కిందికి దిగుతుంది. ఇన్ని చేసినా మధ్యాహ్నం ఆ మూల 32 దాటుతోందంటే, కూలర్ ఉన్న గదికి మార్చి మళ్లీ చూడండి. అక్కడా దిగకపోతే ఈ ఏడు ట్యాంకులో చేపలే పెంచండి. దిగితే మాత్రం ఇంట్లో అమ్మతో ఒక మాట మాట్లాడాలి, ఎందుకంటే గెకో పది, పదిహేనేళ్లు బతుకుతుంది, పదో తరగతి పిల్లాడు చదువుకు హైదరాబాద్ పోయాక రోజూ నీళ్లు మార్చి పురుగులు వేయాల్సింది ఆమే.