ఆరో తరగతి అయ్యాక బడి ఎక్కడ?

తొమ్మిదో తరగతి దాకా చదువు ప్రైవేటు బడుల్లో కూడా ఉచితంగా అందాలని ఇండోనేసియా రాజ్యాంగ న్యాయస్థానం 2025 మే 27న తీర్పు చెప్పింది. అప్పటి నుంచి ఆ దేశంలో గొడవ సద్దుమణగలేదు. ప్రైవేటు బడి అనగానే మనకి కాన్వెంటు గుర్తొస్తుంది, వాళ్లకి ప్రభుత్వ డబ్బెందుకని అడగబుద్ధేస్తుంది. ఇండోనేసియా పల్లెల్లో మాత్రం అది చాలాచోట్ల ఏదో ఒక మత సంస్థ చాలీచాలని జీతాల టీచర్లతో నెట్టుకొస్తున్న బడి. ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలు అక్కడికెందుకు వెళ్తున్నారన్నదే అసలు సంగతి.

ఆ దేశాన్ని ఏలిన డచ్చివాళ్ల కాలాన్ని వదిలేద్దాం. 1973లో చమురు ధర పెరిగి అప్పటి అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం చేతిలో బాగా డబ్బు పడింది. అధ్యక్షుడి ఆదేశంతో 1978-79 వరకు 61 వేలకు పైగా ప్రాథమిక బడులు కట్టారు. బడికి వెళ్లని పిల్లలు ఎక్కువున్న జిల్లాలకే ఎక్కువ బడులు వెళ్లాయి. 7 నుంచి 12 ఏళ్ల పిల్లల్లో బడిలో ఉన్నవాళ్లు 69 శాతం నుంచి 83 శాతానికి పెరిగారు. తర్వాత నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో ఈ బడుల మీదే పరిశోధన చేసి, అవి పిల్లల చదువునీ, పెద్దయ్యాక వాళ్ల సంపాదననీ పెంచాయని చూపించారు. అందరూ మెచ్చుకునే కథ ఇది.

అయితే ఆ బడులు ఆరో తరగతితో ఆగిపోయాయి. నా లెక్కలో ఇవాళ్టి తగాదాకి మూలం అక్కడుంది. 1994 మే 2న సుహార్తో తొమ్మిదేళ్ల చదువు తప్పనిసరి అని ప్రకటించాడు గానీ, ఏడు నుంచి తొమ్మిది తరగతుల బడులు పల్లెపల్లెకీ రాలేదు. మూడేళ్లు తిరిగేసరికి ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది. డాలరుకి 2,400 దగ్గరున్న ఆ దేశ కరెన్సీ రూపియా 1998 జూన్ నాటికి 15,000 దాటింది. ప్రభుత్వం వదిలేసిన ఆ మూడు తరగతుల్లో చాలా భాగం మదరసాలు, ప్రైవేటు బడులు నెత్తికెత్తుకున్నాయి. కోర్టు ఉదహరించిన 2023-24 అంకెలు చూడండి. ప్రాథమిక స్థాయిలో 15 శాతమున్న ప్రైవేటు బడుల వాటా పై స్థాయిలో ఒక్కసారిగా 30కి చేరింది.

ఆ ఖాళీని పిల్లలు తమ ఒంటితో పూడ్చుకున్నారు. కొందరు బడి ఉన్న ఊళ్లో చుట్టాలింట ఉండి, ఆ ఇంటి పని చేసిపెట్టి చదువుకున్నారు. 1979లో ప్రయోగంగా మొదలైన ఓపెన్ స్కూళ్లు పని మానలేని పిల్లల కోసమే. 2012 జనవరిలో బాంతెన్ రాష్ట్రం లెబాక్ జిల్లాలో వరదకి ఒరిగిన వేలాడే వంతెనను పట్టుకుని నది దాటుతున్న పిల్లల ఫోటో ప్రపంచమంతా తిరిగింది. వాళ్ల పట్టుదలను అందరూ పొగిడారు. ఓ ఉక్కు కంపెనీ సాయంతో అక్కడ కొత్త వంతెన వచ్చింది. ఫోటోకెక్కని వంతెనల సంగతి ఎవరూ అడగలేదు. ఇక ఆడపిల్లలకి 2019 దాకా చట్టం ప్రకారం 16 ఏళ్లకే పెళ్లి చేయొచ్చు. చదువు ఆరుతో ఆగిన ఇంట్లో అమ్మాయి ఎన్నాళ్లని ఖాళీగా కూర్చుంటుంది?

2005లో ప్రభుత్వం ఇంధన సబ్సిడీ కోసి, తలకింత చొప్పున బడులకి డబ్బివ్వడం మొదలెట్టింది, ప్రైవేటుకి కూడా. పిల్లలు తక్కువున్న పల్లె బడికి తలల లెక్కన వచ్చేదెంత? టీచర్ల జీతాలకి మళ్లీ ఫీజే దిక్కైంది. అందుకే విద్యా ఉద్యమ సంస్థ జేపీపీఐ కోర్టుకెక్కింది.

ప్రభుత్వం మాత్రం ఖజానా మీద భారం అంటోంది. అదనపు పాఠ్యాంశాలతో నడిచే ఖరీదైన బడులు ఫీజు వసూలు చేసుకోవచ్చని కోర్టే అంది, అమలు దశలవారీగా ఉండొచ్చనీ ఒప్పుకుంది. ఈలోగా 2025 జూలైలో అధ్యక్షుడు ప్రబోవో నిరుపేదల కోసం ఉచిత హాస్టల్ బడులు ప్రారంభించారు, సాంఘిక సంక్షేమ శాఖ కింద. మన గురుకులాల్లాంటివే. చేరిన పిల్లలకి మేలే. కానీ బడిని ఊరికి తేవడానికి బదులు పిల్లల్ని ఊరి నుంచి తీసుకెళ్లే పద్ధతి అది, అందులో చోటు దొరికేది కొద్దిమందికే.

డబ్బు లేదన్న మాట నమ్మడానికి ఇంకో ఇబ్బంది ఉంది. రాజ్యాంగం ప్రకారం బడ్జెట్లో 20 శాతం విద్యకి వెళ్లాలి. 2026లో ఆ వాటాలో పావు వంతుకు పైగా ఉచిత భోజన పథకానికి కేటాయించారు.