విద్యార్థి సంఘాల లెక్కలు: ఒక ఆడిటర్ చూసిన అపోహలు, వాస్తవాలు

అపోహ: బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి, ఇంకేం కావాలి?

వాస్తవం: సరుకు నిజంగా వచ్చిందా, ఆ ధర న్యాయమైనదేనా అన్నది బిల్లు చెప్పదు. టీషర్టులకు మూడు కొటేషన్లు తెప్పించామంటారు. తీరా చూస్తే మూడింట్లోనూ ఒకే ఫాంటు, ఒకే అక్షరదోషం. బిల్లు నంబర్లూ చూడాలి. ఏడాది పొడవునా ఒకే సప్లయర్ ఇచ్చిన బిల్లులు 41, 42, 43 అని వరుసగా ఉంటే, పాపం ఆయనకు ఈ సంఘం తప్ప వేరే గిరాకీ లేదనుకోవాలి!

అపోహ: చెక్కు మీద ఇద్దరి సంతకాలుంటే భయం లేదు.

వాస్తవం: ఖాళీ చెక్కుల మీద ముందే సంతకం చేసిచ్చే రెండో మనిషి ఉన్నా లేనట్టే. ఇప్పుడైతే ఓటీపీ ఫోన్లో చదివి చెప్పేస్తున్నారు.

అపోహ: డబ్బు పోయేదంతా దొంగ బిల్లుల్లోనే.

వాస్తవం: ఎక్కువగా చిక్కొచ్చేది అడ్వాన్సులతో. ఉత్సవం కోసం ఒకరు అడ్వాన్సు తీసుకుంటారు. ఉత్సవం అయిపోతుంది, పరీక్షలు వచ్చి పడతాయి, సగం రసీదులు కనిపించవు, మిగిలిన సొమ్ము సొంత ఖాతాలో కలిసిపోతుంది. కమిటీ పదవీకాలం చాలాచోట్ల ఏడాదే. కొత్తవాళ్లు వచ్చేసరికి తీసుకున్నవాళ్లు చదువు ముగించి వెళ్లిపోయి ఉంటారు. ఆ మొత్తం మాత్రం ‘రావలసినవి’ కింద ఏటా పుస్తకాల్లో కనిపిస్తూనే ఉంటుంది. అది కాజేయడమా, నిర్లక్ష్యమా అన్నది అప్పటికి తేల్చలేం. పాత అడ్వాన్సు లెక్క తేలనిదే కొత్తది ఇవ్వకపోతే ఈ బాధలో చాలా భాగం ఉండదు.

అపోహ: ఖర్చులు తనిఖీ చేస్తే చాలు.

వాస్తవం: పుస్తకాల్లోకే రాని రాబడి సంగతేంటి? స్టాళ్ల అద్దె, స్పాన్సర్ల డబ్బు, టికెట్ల వసూళ్లు ఎవరి సొంత క్యూఆర్ కోడ్‌కో వెళ్తే ఖర్చుల ఫైల్లో దాని జాడే ఉండదు. అందుకే టికెట్లు ఎన్ని అచ్చువేశారు, ఎన్ని మిగిలాయి అని అడుగుతాను. మిగిలినవి పారేశామంటే అనుమానించాల్సిందే.

అపోహ: ఆడిట్ అయింది కదా, మోసముంటే బయటపడేదే.

వాస్తవం: ఆడిటర్ని నేనే ఈ మాట అనడం కాస్త ఇబ్బందే. మోసాలను పరిశోధించే నిపుణుల అంతర్జాతీయ సంస్థ అసోసియేషన్ ఆఫ్ సర్టిఫైడ్ ఫ్రాడ్ ఎగ్జామినర్స్ 2024 నివేదికలో పరిశీలించిన మోసాల్లో 43 శాతం ఎవరో ఒకరు ఉప్పందించడం వల్ల బయటపడ్డాయి. బయటి ఆడిట్ పట్టుకున్నవి 3 శాతమే. ఫిర్యాదు వెళ్లి కోశాధికారి చేతిలోనే పడే ఏర్పాటుంటే ఆ ఉప్పందించేవారూ ఉండరు. ఫిర్యాదులు కమిటీతో సంబంధం లేనివారికి చేరాలని, నెలనెలా బ్యాంకు స్టేట్‌మెంటు సభ్యులందరికీ చూపించాలని రిపోర్టులో రాస్తుంటాను. మొదటిదానికి తలూపుతారు. రెండోదానికి వచ్చే ఏడాది చూద్దామంటారు.