స్వింగ్ వేగం పట్టిక ఎక్కడి నుంచి వచ్చింది: గోల్ఫ్ బంతి ఎంపిక వెనుక నూటయాభై ఏళ్ల కథ

అమెరికా నుంచి వచ్చే కొడుకులు, మేనల్లుళ్ల సూట్‌కేసుల్లో ఈమధ్య చాక్లెట్లతో పాటు గోల్ఫ్ బంతుల డబ్బాలు కూడా వరంగల్, కరీంనగర్ ఇళ్లకు చేరుతున్నాయి. డబ్బా చేతికి రాగానే చాలామంది అడిగేది ఒకటే: "నా స్వింగ్ వేగానికి ఈ బంతి సరిపోతుందా?" వెంటనే ఫోనులో ఒక పట్టిక తెరుస్తారు. స్వింగ్ వేగం, అంటే బంతిని కొట్టే క్లబ్‌ను (కర్రను) ఊపే వేగం, తక్కువైతే మెత్తటి బంతి, ఎక్కువైతే గట్టి బంతి అని అందులో ఉంటుంది.

మన ప్రాంతంలో ఈ పట్టికకు ఇంత పలుకుబడి రావడానికి కారణం ఉంది. ఇక్కడ ఆట నేర్చుకునేవారు డాబా మీదో పెరట్లోనో వల కట్టుకుని కొడుతుంటారు. వలలో బంతి నాలుగు గజాలకే ఆగిపోతుంది. అది ఎంత ఎత్తుకు లేచేదో, గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద పడి ఎక్కడ నిలిచేదో తెలిసే వీలు లేదు. కళ్లకు కనిపించేది పక్కన పెట్టుకున్న చిన్న రాడార్ పరికరం చూపే అంకె మాత్రమే. అసలు ఆట కోసం హైదరాబాద్ వెళ్లి, గోల్కొండ నయా ఖిలా దగ్గరి కోర్సులోనో గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లోనో ఆడే రోజు వచ్చేసరికి బంతి కొనడం అయిపోయి ఉంటుంది. ఆ అంకెనే నమ్ముకుని బంతి కొనేవారికి ఆ పట్టిక పుట్టుక తెలియాలి. అది పుట్టిన నాటి బంతి ఇప్పుడు ఆటలో లేదు.

పందొమ్మిదో శతాబ్దం మధ్య వరకు గోల్ఫ్ బంతి అంటే తోలు సంచిలో ఈకలు కుక్కి కుట్టినది. చేయి తిరిగిన పనివాడు కూడా రోజుకు మూడు నాలుగు బంతులకు మించి చేయలేకపోయేవాడు. అందువల్ల అది ధనవంతుల వస్తువుగానే ఉండిపోయింది. 1848 ప్రాంతంలో మలయా అడవుల చెట్ల పాలతో తయారయ్యే గట్టా పెర్చా బంతి వచ్చింది. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌కు మన దేశం నుంచి పంపిన విష్ణు విగ్రహం చుట్టూ పెట్టిన గట్టా పెర్చా ముక్కలతో రాబర్ట్ పాటర్సన్ అనే యువకుడు మొదటి బంతి చేశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ నిజానిజాలు ఎలా ఉన్నా బంతి ధర మాత్రం పడిపోయింది. ఈకల బంతుల తయారీలో పేరున్న అలన్ రాబర్ట్‌సన్‌కూ ఆయన దగ్గర పనిచేసిన టామ్ మోరిస్‌కూ ఈ కొత్త బంతి విషయంలోనే చెడింది. మోరిస్ విడిగా దుకాణం పెట్టుకున్నాడు. కొత్త నున్నటి బంతి కంటే దెబ్బలు తిని గీతలు పడిన పాత బంతి బాగా ఎగురుతోందని ఆటగాళ్లు గమనించింది కూడా అప్పుడే. ఈనాటి బంతి మీది చిన్న చిన్న గుంటలకు మూలం ఆ గీతలే.

మన పట్టికకు సంబంధించిన మలుపు 1898లో వచ్చింది. అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో, గుడ్‌రిచ్ రబ్బరు కర్మాగారంలో పనిచేసే బెర్ట్రమ్ వర్క్‌తో కలిసి కోబర్న్ హాస్కెల్ కొత్త రకం బంతికి రూపమిచ్చాడు. నడుమ ఒక గుండు, దాని చుట్టూ సాగదీసి చుట్టిన రబ్బరు దారం, పైన ఒక పొర. 1902లో శాండీ హెర్డ్ ఈ బంతితోనే బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు అగ్రశ్రేణి ఆటగాళ్లు వాడింది ఈ చుట్టుడు బంతినే.

వరంగల్ కొత్తవాడలో దరీల మగ్గాల దగ్గర కండెలు చుట్టడం చూసినవారికి ఇందులోని కిటుకు తేలిగ్గా అందుతుంది. చుట్టే బిగువును బట్టి కండె గట్టిదనం మారుతుంది. బంతిలోనూ అంతే. దారాన్ని ఎంత బిగించి చుడితే బంతి అంత గట్టిగా తయారయ్యేది. ఆ గట్టిదనాన్ని కొలిచి పెట్టిన అంకెను కంప్రెషన్ అన్నారు. ఎక్కువగా చలామణిలో ఉన్నవి 80, 90, 100. టైట్లిస్ట్ కంపెనీ బంతుల మీద ఎర్ర అంకె ఉంటే 90, నల్ల అంకె ఉంటే 100. బలంగా కొట్టేవాళ్లు నల్ల అంకె బంతి తీసుకునేవారు, మిగిలినవారు ఎర్ర అంకెతో ఆడేవారు. "నెమ్మదిగా కొట్టేవాడు గట్టి బంతిని నొక్కలేడు" అన్న మాట స్థిరపడింది ఆ రోజుల్లోనే. ఒకే నిర్మాణం, ఒకే బలాటా (మెత్తటి రబ్బరు లాంటి పదార్థం) పొర ఉన్న బంతుల మధ్య ఎంచుకోవడానికి గట్టిదనం తప్ప వేరే తేడా పెద్దగా లేదు కాబట్టి ఆ పద్ధతికి అప్పట్లో అర్థముంది.

తర్వాత బంతి మారింది. డూపాంట్ కంపెనీ తయారుచేసిన సర్లిన్ అనే గట్టి ప్లాస్టిక్ పొరతో రెండు భాగాల బంతులు వచ్చాయి. అవి దూరం వెళ్లేవి, బలాటాలా చిట్లేవి కావు, కానీ గ్రీన్ మీద సరిగా ఆగేవి కావు. దూరం, పట్టు రెండూ ఒకే బంతిలో దొరికింది దారం చుట్టని గట్టి కోర్ (నడిమి గుండు) మీద యురెథేన్ అనే మెత్తటి ప్లాస్టిక్‌తో పలుచని పొర వేసినప్పుడు. 2000 జూన్‌లో టైగర్ వుడ్స్ నైకీ వారి అలాంటి బంతితో పెబుల్ బీచ్‌లో అమెరికా ఓపెన్‌ను 15 స్ట్రోకుల తేడాతో గెలిచాడు. అదే ఏడాది అక్టోబరులో టైట్లిస్ట్ వారి ఇలాంటి బంతి ప్రో వి1 టోర్నమెంట్లలోకి అడుగుపెట్టింది. కొద్దికాలంలోనే చుట్టుడు బంతి ఆట నుంచి కనుమరుగైంది. దానితో పుట్టిన సలహా మాత్రం మిగిలిపోయింది.

మిగలడమే కాదు, అమ్మకాలకూ పనికొచ్చింది. బ్రిడ్జ్‌స్టోన్ కంపెనీ ఒక దశలో గంటకు 105 మైళ్ల స్వింగ్ వేగాన్ని, అంటే సుమారు 169 కిలోమీటర్ల వేగాన్ని హద్దుగా పెట్టి, దానికి పైన ఒక బంతి, కింద ఇంకొకటి అని విడదీసింది. టైట్లిస్ట్ దీనికి పూర్తిగా ఎదురు వాదన చేస్తోంది: స్వింగ్ వేగాన్ని బట్టి ఎంచుకోవద్దు, గ్రీన్ దగ్గరి దెబ్బలకు ఏ బంతి నప్పుతుందో ముందు చూసి, అక్కడి నుంచి దూరపు దెబ్బల వైపు వెనక్కు రమ్మంటుంది. ఇద్దరూ బంతులు అమ్ముకునేవారే కాబట్టి భౌతికశాస్త్రం ఏమంటుందో చూడటం మేలు.

క్లబ్‌కూ బంతికీ మధ్య తాకిడి సెకనులో సుమారు రెండువేలవ వంతు సేపే ఉంటుంది. ఆ క్షణంలో నెమ్మదిగా ఊపినవారి దెబ్బకు కూడా బంతి నొక్కుకుపోతుంది. ఎంత అన్నదే తేడా. మెత్తటి బంతి మరింత నొక్కుకుని శక్తిని కొంచెం ఎక్కువగా పోగొట్టుకుంటుంది. వేగంగా కొట్టేవారికి ఈ నష్టం తెలుస్తుంది. నెమ్మదిగా కొట్టేవారికి తేడా తగ్గిపోతుంది, కానీ మెత్తదనం వల్ల అదనపు దూరమేమీ రాదు. పైగా మెత్తటి బంతులు సాధారణంగా తక్కువ తిరుగుతాయి. బంతిని గాలిలో నిలిపేది వెనక్కు తిరిగే ఆ స్పిన్ కాబట్టి, గంటకు 130 కిలోమీటర్ల దగ్గర ఊపే పెద్దవారికి తక్కువ స్పిన్ బంతి తొందరగా నేలకు దిగిపోవచ్చు. బంతి కుడికి వంకర తిరిగి పోతున్నవారికి మాత్రం తక్కువ స్పిన్ కొంత సాయం చేస్తుంది. అంటే ఒకే వేగం ఉన్న ఇద్దరికి రెండు వేర్వేరు బంతులు నప్పవచ్చు. పట్టిక చెప్పలేనిది ఇదే.

అందుకే నేను గట్టిగా చెప్పేది: వల దగ్గర బంతి నిర్ణయించకండి. హైదరాబాద్ వెళ్లిన రోజు రెండు రకాల బంతులు మూడేసి పట్టుకెళ్లండి, ఒకటి యురెథేన్ పొరది, ఒకటి సర్లిన్ లాంటి పొరది. గ్రీన్‌కు ముప్పై గజాల దూరం నుంచి వెజ్‌తో (బంతిని ఎత్తుగా లేపే పొట్టి దెబ్బల క్లబ్) ఒకదాని తర్వాత ఒకటి కొట్టి, పడిన చోటు నుంచి ఎంత దూరం దొర్లాయో అడుగులతో కొలవండి. మార్చి దాటాక దక్కను నేల ఎండి గట్టిపడినప్పుడు ఆ తేడా మరీ స్పష్టం. తర్వాత బంతిని చేతిలోకి తీసుకుని చూడండి. యురెథేన్ పొర మీద వెజ్ ముఖం మీది గీతల గుర్తులు సన్నగా కనిపిస్తాయి. పొర క్లబ్ ముఖాన్ని పట్టుకున్నదనడానికి సాక్ష్యం అదే. ఆ పట్టు మీ ఆటకు పనికొస్తుంటే వేగం ఎంతైనా మీకు తగినది ఆ బంతే.

ధర కూడా లెక్కలోకి రావాలి. పేరున్న యురెథేన్ బంతులు అమెరికాలోనే డజను 50 డాలర్లు దాటుతాయి. రాళ్ల మధ్య, పొదల్లో ఆటకు నాలుగైదు పోగొట్టుకునే దశలో ఉన్నవారు రెండు భాగాల చవక బంతితో ఆడటమే తెలివైన పని. ఏది ఎంచుకున్నా దాన్నే అట్టిపెట్టుకోవాలి. ఒక్కో రంధ్రానికి ఒక్కో రకం బంతి వాడేవారికి పట్ (గ్రీన్ మీద బంతిని రంధ్రంలోకి దొర్లించే దెబ్బ) ఎంత బలంగా కొట్టాలో ఎన్నటికీ చేతికి రాదు.

మరో మార్పు కూడా దారిలో ఉంది. బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు అన్న నిబంధనలతో పాటు, అది ఎంత దూరం పోవచ్చన్న దానికీ హద్దు ఉంది. ఆ హద్దు అలాగే ఉంచి, దాన్ని పరీక్షించే స్వింగ్ వేగాన్ని గంటకు 120 మైళ్ల నుంచి 125కు పెంచుతున్నట్లు ఆట నిబంధనలు రూపొందించే యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ సంస్థలు 2023 డిసెంబరులో ప్రకటించాయి. ఎక్కువ వేగంతో కొట్టినా అదే హద్దు దాటకూడదు కాబట్టి కొత్త బంతులు కొంచెం తక్కువ దూరం పోతాయి. మామూలు ఆటగాళ్లకు ఇది 2030 నుంచి వర్తిస్తుందని చెప్పాయి. అత్యంత బలంగా కొట్టేవారికి 13 నుంచి 15 గజాలు తగ్గవచ్చని, సాధారణ ఆటగాళ్లకు తగ్గేది 5 గజాల లోపేనని వారి అంచనా. కాబట్టి కొత్త నిబంధన పేరు చెప్పి పాత బంతులు డజన్ల కొద్దీ తెప్పించుకోవలసిన అవసరం మనకు లేదు.